పట్నంలో సర్దార్ మామ డ్యూటీ

మా మామ పండుగ సెలవు అంటే ఏమిటో ఎరగడు. ముప్పై ఏళ్ళకు పైగా బొగ్గు గనిలో సర్దార్‌గా చేశాడు. సర్దార్ అంటే భూమి లోపల పనిచేసే ముఠాకు పెద్ద. ముఠాలో ప్రతి మనిషీ పైకి వచ్చాడని తేలితే తప్ప ఆయన ఇంటికి రాడు. పండుగ పూట పనిచేస్తే జీతం ఎక్కువని దసరాలు, దీపావళులు కూడా గనిలోనే చేశాడు. అత్తమ్మ వాడకట్టు ఆడవాళ్ళతో బతుకమ్మ ఆడుతుంటే ఆయన బొగ్గులో ఉండేవాడు.

కిందటి వేసవిలో ఆయన రిటైరయ్యాడు. దసరా సెలవులు దగ్గర పడగానే అత్తమ్మ పట్టు పట్టింది.

"ఒక్క పండుగ సెలవన్న నాతోటి తిరుగు. హైదరాబాద్ చూపెట్టు. ఇప్పటిదాంక నేను చూసిన హైదరాబాదంత దవాఖానలే."

"సూద్దాం తియ్" అన్నాడు మామ. మా ఇంట్లో ఆ మాటకు అర్థం, కుదరదని. వాళ్ళ కొడుకు, అంటే మా ఆయనకు సెలవు దొరకలేదు, ఆయనా గనిలోనే మరి. దాంతో టికెట్లు నేనే తీశాను. బయలుదేరే ముందు అత్తమ్మ ఒక్కటే షరతు పెట్టింది: తిరిగొచ్చేదాకా గని ముచ్చట తీయకూడదు. ఈ రెండు రోజులైనా భర్త తనవాడుగా ఉండాలని ఆమె కోరిక. ఇది నెరవేరుతుందని నాకు నమ్మకం లేదు, కానీ ఆమె మొహం చూసి తల ఊపాను.

మా ఊరు టేకులపల్లి నుంచి తెల్లవారకముందే ఆటోలో కొత్తగూడెం చేరాం. ఇక్కడి స్టేషన్ పేరు భద్రాచలం రోడ్డు. కొత్తవాళ్ళు దిగీ దిగగానే రాములవారి గుడి ఎటని అడుగుతుంటారు. గుడికి ఇంకా గంట బస్సు ప్రయాణం ఉంది, గుర్తుపెట్టుకోండి. మామ మాకంటే ముందే తయారై, డ్యూటీకి పోయినట్టు క్యారియర్ చేతపట్టుకుని ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాడు.

డోర్నకల్‌లో చాయ్ తాగాం. ఎదుటి సీటులో మధిర పత్తి వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు, కూతురి సంబంధం చూడడానికి కొత్తగూడెం వచ్చి, పని మీద వరంగల్ పోతున్నాడట.

"దసరాకి పట్నంలో ఎవరుంటారండీ? అందరూ ఊళ్ళకే వచ్చేస్తారు. మీరు ఖాళీ ఊరు చూడ్డానికి పోతున్నారు" అన్నాడాయన.

మామ మొహం వెలిగిపోయింది. "ఇన్నవానే? ఊరు ఖాళీయట. వరంగల్ల దిగి వాపస్ పోదామా?"

"ఖాళీగుంటే ఇంక మంచిది. ఎవ్వరడ్డం లేకుంట కనబడతది" అంది అత్తమ్మ, పులిహోర డబ్బా మూత తీస్తూ.

మధ్యాహ్నానికి సికింద్రాబాద్‌లో దిగి, స్టేషన్ దగ్గరే లాడ్జిలో మూడు మంచాల గది కిరాయికి తీసుకున్నాం. నేను మొహం కడుక్కుని వచ్చేసరికి మామ మంచమెక్కి, గొడుగు కర్రతో పైకప్పును ఠక్ ఠక్‌మని కొడుతున్నాడు. గనిలో కప్పు కింద నిలబడే ముందు అలా కొట్టి, చప్పుడును బట్టి అది గట్టిదో కాదో చెబుతారు. కింద నుంచి మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది సార్?"

"ఏం కాలే. గట్టిగనే ఉన్నది" అన్నాడు మామ.

అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. షరతుకు పూట కూడా నిండలేదు.

పత్తి వ్యాపారి మాట సగమే నిజం. కాలనీల్లో తలుపులకు తాళాలు, రోడ్ల మీద సిగ్నళ్ళు ఎవరి కోసమో వెలిగి ఆరుతున్నాయి. చార్మినార్ దగ్గర మాత్రం ఇసుక వేస్తే రాలనంత జనం. గాజుల దుకాణాల్లో అత్తమ్మ రెండు గంటలు గడిపి ఒక డజను కొంది. ఇరానీ చాయ్ సాసర్‌లో పోసుకుని తాగుతూ మామ చార్మినార్‌ను కిందా మీదా చూశాడు.

"పిల్లర్లు నాలుగే. అయినా గింత బరువుకు సరిపోతయి." గనిలో కప్పును మోయడానికి వదిలే బొగ్గు దిమ్మెలకూ పిల్లర్లనే పేరు.

"మల్ల గని ముచ్చటేనా?"

"నేను చార్మినార్ ముచ్చటే చెప్తున్న కదనే!"

దారిలో ఫుట్‌పాత్ మీద తంగేడు పూలు కట్టలు కట్టి అమ్ముతున్నారు. అత్తమ్మ నోరు తెరిచింది. "తంగేడు కొనుక్కుంటరా? మా దిక్కు బాటెంబడి పూస్తది, బర్రెలు గూడ ముట్టయి!" అమ్మేదానితో ఇంకా ఏదో అనబోతుంటే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

రెండో రోజు మెట్రో. ముందే చెబుతున్నాను, మీ ఇంట్లో గని మనిషి ఉంటే మెట్రో ఎక్కించడం చూడవలసిన వేడుక. తనిఖీ చేసే సెక్యూరిటీ అతను అడగకముందే, గనిలో దిగే ముందు నిప్పు కోసం వెతికించుకునే అలవాటుతో మామ రెండు చేతులూ పైకెత్తి, "బీడీ లేదు, అగ్గిపెట్టె లేదు" అని అప్పజెప్పాడు. అక్కడితో ఆగక, నేనిచ్చిన నీలం టోకెన్ బిళ్ళను అతని చేతిలో పెట్టాడు.

"ఇదెందుకు తాతా నాకు?"

"నా బిళ్ళ. మల్ల వచ్చినంక తీస్కుంట."

గనిలో దిగేటప్పుడు బిళ్ళ పైన అప్పగించి, ఎక్కి వచ్చాక తీసుకుంటారు. బిళ్ళ పైనే మిగిలితే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. ఇదంతా నేను వివరించేలోపు వెనక వరుస చాంతాడంత పెరిగింది. "ఇది నీ దగ్గర్నే ఉంచుకోవాలె తాతా, దిగినంక గేటుల వెయ్యాలె" అని అతను నవ్వుతూ తిరిగిచ్చాడు. మామకు ఈ పద్ధతి నచ్చలేదు. "మనిషి లోపట్నే ఉన్నడని మరి వీళ్ళకెట్ల తెలుస్తది?" అని రైలెక్కేదాకా గొణుగుతూనే ఉన్నాడు.

హైటెక్ సిటీలో అద్దాల మేడలు చూసి, సాయంత్రం తిరుగు మెట్రో ఎక్కాం. ఆడవాళ్ళు పూల సంచులతో, పట్టుచీరలతో నిండిపోయారు. అత్తమ్మ పక్కన ఎర్ర చీరావిడ ఒళ్ళో చిన్న బతుకమ్మ ఉంది, ఒక పక్కకు వాలిపోయి. అత్తమ్మ చూస్తూ ఊరుకోలేదు, పూలు సర్దడం మొదలుపెట్టింది. అమీర్‌పేటలో దిగి టిఫిను తినాలని నేను ముందు నుంచే చెబుతున్నాను. మామా నేనూ దిగాం. వెనక్కి తిరిగేసరికి తలుపులు మూసుకున్నాయి. అద్దంలో అత్తమ్మ తల వంచుకుని గునుగు పూలు గుచ్చుతూ కనిపించింది. రైలు కదిలింది.

ఆమె ఫోను నా సంచిలో ఉంది. ఆమెకు స్టేషన్ల పేర్లు చదవడం రాదు. తరువాతి రైలెక్కి వెతుకుదామంటే మామ కదల్లేదు.

"ఎక్కడి మనిషి అక్కడ్నే ఉండాలె. నువ్వు పోతె ఇద్దర్ని దేవులాడాలె. జల్దీ పోయి స్టేషనోళ్ళకు చెప్పు."

స్టేషన్ వాళ్ళు ముందు స్టేషన్లకు ఫోన్లు చేశారు. టేకులపల్లి లచ్చమ్మ గారు ఎక్కడున్నా రావలసిందిగా మైకులో పిలిచారు. ఎటు నుంచి రైలు వచ్చినా మామ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, దిగిన ప్రతి మొహమూ చూశాడు. జనం పలచబడేవాళ్ళు, ఆయన మళ్ళీ మొదటి చోటికి వచ్చి నిలబడేవాడు. మనిషి చెమటతో తడిసిపోయాడు.

"ఎంతసేపాయె బిడ్డా?"

"ఇరవై నిమిషాలే మామా."

కాసేపటికి మళ్ళీ అదే ప్రశ్న. ఆ తరువాత అడగడం మానేసి కింద చతికిలబడ్డాడు. గనిలో కప్పు కూలిన రోజున కూడా నిలబడే ఉన్నానని చెప్పుకునే మనిషి ఆయన. నాకు ఏడుపొచ్చింది. ఆ షరతూ ఈ ప్రయాణమూ ఎందుకు పెట్టుకున్నామా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

గంటన్నరకు, అవతలి ప్లాట్‌ఫాం మెట్ల వైపు నుంచి అత్తమ్మ వచ్చింది. పక్కన ఎర్ర చీరావిడ. అత్తమ్మ చెంపలకు పసుపు, కొప్పులో బంతిపువ్వు, చేతిలో కాగితం పొట్లం.

"ఆంటీ మా బతుకమ్మ కాడనే ఉన్నరు. మీ నంబర్ లేకపాయె. అడిగితే, మా ఆయన అమీర్‌పేటల్నే ఉంటడు, ఫికర్ లేదన్నరు" అంది ఆవిడ మాకు సంజాయిషీగా.

మామ లేచాడు. తిడతాడనుకున్నాను. ఆయన ఆమెను తల నుంచి కాళ్ళ దాకా చూసుకున్నాడు.

"నువ్వేడికి పోతవు? ఒక్క మనిషి తక్కువున్నా కదలవని నాకెరికే గద. అందుకే నాలుగు పాటలు ఆడొచ్చిన" అని అత్తమ్మ పొట్లం విప్పి, రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్ద ఇంత ఆయన నోట్లో పెట్టింది.

"గంటన్నర నిలబడ్డనే. పానం పోయింది" అన్నాడు మామ, నోట్లో మలీదతోనే.

"గంటన్నరకేనా?" అని నవ్వింది అత్తమ్మ.

మూడో రోజు పొద్దున బస్సులో తిరుగు ప్రయాణం. పండుగ ముందు పట్నం నుంచి ఊళ్ళకు పోయే బస్సుల్లో నిలబడడానికి కూడా చోటుండదు, మీరు పోతే సీట్లు ముందే చెప్పుకోండి. ఖమ్మం బస్టాండులో మిరపకాయ బజ్జీలు తిని ఇల్లందు మీదుగా పోయే బస్సెక్కాం. హైదరాబాద్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే: సెలవుల్లో సగం ఊరు పల్లెకు పోతుంది, మిగిలిన సగం పల్లె పూలు కొనుక్కుని పండుగ చేసుకుంటుంది, రెండు సగాలూ సంతోషంగానే ఉంటాయి.

ఇల్లందు దాటి టేకు చెట్లు మొదలయ్యాక, మామ అత్తమ్మ వైపు తిరిగాడు.

"నేను షిఫ్ట్ నుంచి లేటయిన దినాల, నువ్వేం జేసెటిదానివే?"

అత్తమ్మ ఆయన్ని వింతగా చూసింది. "చింతపండు ముందటేస్కొని గింజలు తీసెటిదాన్ని. చేతులకు పనిలేకుంటె మనసు నిలవది. ఒక్కోపారి అది అయిపోతె పక్కింటోళ్ళది తెచ్చి తీసిన."

"మరెన్నడు చెప్పకపోతివి?"

"నువ్వు రాంగనే అన్నం తిని పండుకునెటోనివి. ఎప్పుడు చెప్పాలె?"

టేకులపల్లి వచ్చేదాకా మామ కన్ను మూయలేదు. అత్తమ్మ చెబుతూనే ఉంది.