వాగు ఏ కమిటీ కిందికొస్తది?

ఆ రోజుల్లో సర్కారు ఉద్యోగమంటే కుర్చీ, ఫ్యాను, నెల తిరిగేసరికి జీతం అనుకునేదాన్ని. అది కమిటీలతో కాపురమని నాకెవరూ చెప్పలేదు. ఎనభైల మొదట్లో ఖమ్మంలో, ప్రభుత్వ పనులు సరిగ్గా జరుగుతున్నాయో లేదో చూసే ఒక పరిశీలనా సంఘం ఆఫీసులో నాకు టెంపరరీ టైపిస్టుగా పని దొరికింది. సంఘం పెద్దది కాబట్టి దాని కింద మూడు ఉపసంఘాలు: రోడ్లది, నీళ్లది, అడవిది. ఒక్కోదానికి ఒక్కో పెద్దమనిషి కన్వీనర్. ప్రతి ఉపసంఘంలోనూ ఒక మహిళా సభ్యురాలు ఉండి తీరాలని, ఆమె సంతకం లేనిదే రిపోర్టు చెల్లదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మా సూపరింటెండెంటుగారు (ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైనా ఉత్తర్వు నంబరు చెప్పే మనిషి, అందుకే ఆయన్ని చాటుగా జీవో సార్ అనేవాళ్లం) ఆఫీసంతా కలయజూశారు. ఆడమనిషిని నేనొక్కదాన్నే. "నువ్వేనమ్మా" అన్నారు. "దేంట్లో సార్?" అంటే "మూడిట్లో" అన్నారు. ఆ సాయంత్రం గొప్పగా ఇంటికెళ్లి చెబితే మా అమ్మ, "జీతం గిట్ల మూడింతలిస్తరా ఏంది?" అని అడిగింది. ఇవ్వరని తెలిశాక వంకాయలు తరగమని కత్తిపీట నా ముందుకు నెట్టింది.

మా మొదటి పర్యటన టేకులపల్లి దాటాక అడవిలో ఒక గూడేనికి. గూడేనికీ బస్సు దారికీ నడుమ వాగు. వానలు పడితే గూడెం అవతలే ఉండిపోతుంది. తూములు వేసి దారి కట్టమని వాళ్లు పెట్టుకున్న అర్జీ మూడు ఉపసంఘాలకూ వెళ్లింది. జీపు మాత్రం ఒక్కటే కనుక జీవో సార్‌తో సహా అందరం దాంట్లోనే ఇరుక్కుని వెళ్లాం. ఒడ్డున ఆగగానే రోడ్ల సార్ దిగారు. ఆయన కమిటీ సభ్యురాలిని కనుక వెనకే నేనూ దిగాను. "రోడ్డేది? ఇవి నీళ్లు గదా!" అని ఆయన ఎక్కేశారు, నేనూ ఎక్కాను. తర్వాత నీళ్ల సార్ దిగారు, నేనూ దిగాను. "చెరువా, కాలువా? దాటే సంగతంటే రోడ్లోళ్లదే" అన్నారు. మళ్లీ ఎక్కాం. ఆఖరున అడవి సార్. "చెట్లున్నకాడికే నాది. నీళ్లల్ల చెట్లేడున్నయి?" అన్నారు.

వాగు దాటొచ్చి మా ఒడ్డున నిలబడి చూస్తున్న గూడెం జనంలోంచి ఒక అవ్వ ముందుకొచ్చింది. ఆమె పక్కన కడుపుతో ఉన్న చిన్న కోడలు. "ఎన్నిసార్లు దిగుతవ్ బిడ్డా, కాళ్లు నొస్తలేవా?" అంది. మూడు కమిటీల్లోనూ నేనే మెంబర్నని కాస్త గొప్పగానే చెప్పాను. "అట్లనా! రోడ్ల కమిటీల నువ్వే, నీళ్ల కమిటీల నువ్వే. మరి నీకు నువ్వు చెప్పుకుంటే అయిపాయె గద! గీ దానికి ఇంతమంది ఎందుకు?" అంది. అందరూ పగలబడి నవ్వారు, నేనూ నవ్వాను. అవ్వ నవ్వలేదు. "పోయిన వానలల్ల మా పెద్దకోడలికి ఆ అవతలొడ్డు మీదనే నొప్పులొచ్చినయ్. వాగు తగ్గలె. కడుపుల బిడ్డ దక్కలె. ఈ చిన్నకోడలికి శ్రావణంల నెలలు నిండుతయ్" అంది.

జీపు బానెట్ మీద జీవో సార్ మూడు రిపోర్టులు పరిచారు. మూడింట్లోనూ ఒకటే మాట: ఇది మా పరిధిలోకి రాదు. సార్లు సంతకాలు చేసేశారు. నా వంతు వచ్చింది. "సార్, రోడ్లదాంట్లో పెడితే వాగు నీళ్లోళ్లదని ఒప్పుకున్నట్టు. నీళ్లదాంట్లో పెడితే రోడ్లోళ్లదని ఒప్పుకున్నట్టు. ఒక్కదాన్ని రెండూ ఎట్ల ఒప్పుకుంట సార్?" అన్నాను. ఆయన ముఖం కందగడ్డలా అయింది. "నీది టెంపరరీ పోస్టమ్మా, యాదుంచుకో" అన్నారు. యాదుంది, ఆ జీతంతోనే మా తమ్ముడి చదువు నడుస్తోంది. అయినా పెన్ను కదల్లేదు (దాన్ని ధైర్యమని ఇప్పుడు చెప్పుకుంటున్నాను గానీ, అవ్వ రెప్ప వేయకుండా నన్నే చూస్తుంటే తప్పించుకునే దారి దొరకలేదు). ఇంతలో గూడెంలోంచి మా కోసం వండుతున్న నాటుకోడి కూర వాసన వచ్చింది. అడవి సార్ ఆకలికి ఆగలేని మనిషి. "ఏందయ్యా గీ లొల్లి! ముగ్గురం కలిసి చేస్తమని రాసిపారెయ్, కూర సల్లారుతది!" అని అరిచారు. జీవో సార్ ఊపిరి పీల్చుకుని అక్కడికక్కడే నాలుగో ఉపసంఘాన్ని పుట్టించారు. దాని పేరు వాగు సంయుక్త ఉపసంఘం. కన్వీనర్ ఎవరంటే ముగ్గురూ వెనక్కి జరిగారు. అందరూ నా వైపు చూశారు.

ఇక నా తిప్పలు చెప్పాలా! ఆ ఫైలు వెంట బల్లబల్లకూ తిరిగాను. గుమాస్తాలు నన్ను చూస్తే టీకి లేచిపోయేవారు. ఎట్లాగో వానలకు ముందే తూములు పడ్డాయి. ఆషాఢంలో నా గడువు ముగిసింది, పొడిగించమని జీవో సార్ రాయలేదు. ఇంట్లో కూర్చుని ఏడుస్తుంటే శ్రావణంలో అవ్వ కబురంపింది. కొత్తగూడెం దవాఖానాకు వెళ్లాను. "మా కమిటీ వచ్చింది" అని నర్సుకు చెప్పి, అవ్వ చిన్నకోడలికి పుట్టిన ఆడపిల్లను నా చేతుల్లో పెట్టింది. "వాగు నిండ పారుతున్నది బిడ్డా, అయినా బండి మీదనే వచ్చినం" అంది. ఎంత సంతోషమైందో! ఉద్యోగం పోయిన దుఃఖం ఆ పూటకు గుర్తే రాలేదు.

తర్వాత పరీక్షలు రాసి పర్మినెంటయ్యాను. సర్వీసంతా కమిటీల్లోనే గడిచింది, చాలావాటికి నేనే కన్వీనర్‌ని. కొత్తగా చేరిన పిల్లలెవరైనా "ఇదెట్ల ఒప్పుకుంటం మేడమ్?" అని అడిగితే నాకు ముందు కోపమే వచ్చేది (జీవో సార్ నాలో ఎప్పుడు చేరారో తెలియదు). ఆ వెంటనే నవ్వొచ్చేది. నా నవ్వు చూసి వాళ్లు ఇంకాస్త గట్టిగా మాట్లాడేవాళ్లు. మాట్లాడనిచ్చేదాన్ని.