సత్యవతి వేలు

దెయ్యాలున్నాయని ఎవరైనా అంటే నేను ఒకటే అడిగేవాణ్ణి. మనుషులకే షిప్ టికెట్ దొరకని ఈ దీవులకు అవి ఎలా వచ్చాయని. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడి హోప్ టౌన్ అనే రేవు ఊళ్లోనే. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి చేపల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. డెబ్బై దాటిన ఈ వయసు వరకు నన్ను భయపెట్టింది సముద్రం ఒక్కటే. ఆ తర్వాత మా ఆవిడ.

ఆఫీసు తలుపుల పక్కన గోడకు ఉండే వేలిముద్ర మిషన్లను చూసుకోవడం నా పని. వేలు పెడితే తాళం వదులుతుంది, అంతే దాని విద్య. ఇక్కడి ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పడతాయి, బ్యాటరీ ఉబ్బుతుంది, అద్దం మీద జిడ్డు పేరుకుంటుంది. కొన్ని నెలలకోసారి వెళ్లి అన్నీ తుడిచి, సరిచేసి, చివర్లో వేలు పెట్టి చూడాలి.

ఇబ్బందల్లా ఏమిటంటే, నా వేళ్లకు ముద్రలు లేవు. చిన్నప్పుడు వలలు లాగడం, తర్వాత ఏళ్ల తరబడి టంకం పెట్టడం. గీతలన్నీ అరిగిపోయాయి. ఏ మిషనూ నన్ను గుర్తుపట్టదు. అందుకని మా ఆవిడ సత్యవతిని వెంట తీసుకెళ్లేవాణ్ణి. నేను అద్దం తుడిచేవాణ్ణి, ఆవిడ చీర చెంగుకు వేలు ఒత్తుకుని పెట్టేది. “ఏటి మావా, పెళ్లానికే కాదు, మిషనుక్కూడా నచ్చనేదేటి నువ్వు?” అని ఆఫీసువాళ్లందరి ముందూ అనేది.

బోటెక్కి అవతలి ఒడ్డుకు పోతే, గోల్ ఘర్ అనే పేటలో ఒక ఆఫీసు బిల్డింగుంది. అక్కడ మిషన్ బిగించినప్పుడు దాని పెత్తనం కూడా ఆవిడ వేలికే ఇచ్చాను. అంటే కొత్తవాళ్ల ముద్ర ఎక్కించాలన్నా, పాతవాళ్లది తీసేయాలన్నా ఆవిడ వేలు పెడితేనే మెనూ తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ కూడా పెట్టుకోవచ్చు. పెట్టలేదు. ఆవిడ ఉండగా పాస్‌వర్డ్ ఎందుకనుకున్నాను.

కిందటి వానాకాలంలో సత్యవతి జ్వరంతో పోయింది. బోటులో నా పక్కన ఇప్పుడు పనిముట్ల సంచి కూర్చుంటోంది.

మొన్నామధ్య ఆ బిల్డింగుకు వెళ్లాను. ఆఫీసు బాగోగులు చూసుకునే ప్రియ మేడమ్ ఇక్కడే పుట్టి, హిందీ కలిపి మాట్లాడే మన తెలుగు పిల్ల. సోఫాలో కూర్చున్న ముగ్గురు కొత్త ఉద్యోగులను చూపించింది. “అంకుల్, ఈళ్ల ఫింగర్ ఆజ్ హీ డాల్ దో నా, ఇవాళే ఎక్కించెయ్యండి. రోజూ బయటే నిలబడిపోతున్నారు పాపం.”

“దానికి మీ ఆంటీ వేలు కావాలమ్మా” అన్నాను.

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. “ఐతే రీసెట్ కర్ దో అంకుల్. మేమందరం మళ్లీ పెట్టుకుంటాం” అంది.

మిషన్ వెనక చిన్న రంధ్రం ఉంటుంది. అందులో పిన్ను గుచ్చి పట్టుకుంటే లోపలున్న ముద్రలన్నీ చెరిగిపోతాయి. ఆఫీసువాళ్లు మళ్లీ పెట్టుకుంటారు. సత్యవతి ఇక పెట్టుకోలేదు. ఇంట్లో ఆవిడ ఫొటోలున్నాయి, చీరలున్నాయి. కానీ ఆవిడ వేలి కోసం ఇంకా ఎదురుచూస్తున్న వస్తువు ఈ లోకంలో అదొక్కటే.

పిన్ను చేతిలో పట్టుకుని, ఆ పని వాయిదా వేయడానికి, అద్దం మరోసారి స్పిరిట్‌తో తుడిచి నా చూపుడువేలు పెట్టాను. ఎర్రలైటు. మళ్లీ పెట్టాను. ఎర్రలైటు.

అప్పుడు ఆఫీసంతా ఒక్కసారిగా చీకటైంది. మెడ వెనక చల్లగాలి. ఎక్కడినుంచో మల్లెపూల వాసన.

లేదు, అబద్ధం. టీ కొట్టు దగ్గర చెప్పేటప్పుడు ఇవి కలుపుతుంటాను. పట్టపగలు, లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. గాలి ఏసీది, వాసన ఫినాయిల్‌ది. నిజంగా జరిగింది ఇంతే. ఇంకోసారి వేలు పెడితే పచ్చలైటు వెలిగింది. మిషన్ “థాంక్యూ” అంది. మెనూ తెరుచుకుంది. పైన సత్యవతి పేరు.

ప్రియ మేడమ్ నా భుజం మీదుగా చూసింది. “అరే! ఆంటీ కా నామ్ ఆయా, అంకుల్!” అంది. ఆమెను అడిగి చూడండి.

అద్దం మీద ఆవిడ పాత ముద్ర మిగిలిందేమో అని కొందరన్నారు. రోజూ ఆఫీసంతా వేళ్లు పెట్టే అద్దం అది, పైగా నేను అప్పుడే తుడిచాను. అరిగిన వేలు కదా, మిషన్ పొరబడి ఉంటుందని కంపెనీ ఇంజనీరు ఫోన్లో అన్నాడు. మరి అదే వేలిని అంతకుముందూ ఆ తర్వాతా ఎందుకు కాదంది?

ఇక ఆ తర్వాత కొత్తవాళ్ల ముద్రలు చకచకా ఎక్కించేశాననీ, పెత్తనం ప్రియ మేడమ్ వేలికి ఇచ్చి, సత్యవతి వేలిని మాత్రం లోపల అలాగే ఉంచి వచ్చాననీ అందరికీ చెబుతున్నాను. వినేవాళ్ల కళ్లు చెమ్మగిల్లుతాయి. ఒకరిద్దరు టీ కూడా ఇప్పించారు.

అదీ అబద్ధమే.

మెనూ తెరుచుకున్నాక నేను ఏదీ నొక్కలేదు. ఆ పేరు చూస్తూ ఉండిపోయాను. కాసేపు ఎవరూ ఏమీ నొక్కకపోతే మెనూ దానంతటదే మూసుకుంటుంది. ప్రతి ఆఫీసులోనూ ఈ జాగ్రత్త చెప్పేది నేనే. “అంకుల్, కుచ్ దబావో, ఏదోటి నొక్కండి!” అని మేడమ్ కేకేసేసరికి తెర మామూలైపోయింది.

తర్వాత పది వేళ్లూ పెట్టాను. తడిపి పెట్టాను, ఊది పెట్టాను, పంచెకు రుద్ది పెట్టాను. సత్యవతి చూస్తే పొట్ట పట్టుకుని నవ్వేది. కొత్తవాళ్లు తలలు వంచుకుని కూర్చున్నారు. మేడమ్ కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఎవరూ తొందర పెట్టలేదు. అదే ఎక్కువ కష్టంగా ఉంది.

చివరికి పిన్ను గుచ్చాను.

నా వేలు ఆ ఒక్కసారి ఎలా చెల్లిందో ఇప్పటికీ చెప్పలేను. దెయ్యమని అనను. సత్యవతే వచ్చి ఉంటే నాలుగు తిట్లు తిట్టకుండా వెళ్లదు. ఎవరో, ఏదో, నాకోసం తలుపు తీసి కాసేపు పట్టుకున్నారు. నేను గడప దగ్గరే నిలబడిపోయాను.