టీచరమ్మ నోట మిగిలిన మాట

ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో మూడో తరగతి టీచరమ్మ ఏ పిల్లవాణ్ణీ "వెధవా" అని ఎరగదు. పక్క క్లాసులో ఎవరైనా నోరు పారేసుకుంటే తలుపు వేసుకునే మనిషి. అలాంటావిడకి మెదడులో ఎడమవైపు రక్తం గడ్డకట్టి, ఉన్న మాటలన్నీ తుడిచిపెట్టుకుపోయి, ఒక్కటే మిగిలింది. అదేమిటో వేరే చెప్పాలా?

"నొప్పిగా ఉందా అమ్మా?" అని నర్సు అడిగితే, "వెధవ." మొగుడు మంచినీళ్ళిస్తే, "వెధవ."

"హమ్మయ్య, నన్ను గుర్తుపట్టింది!" అని ఆయన నవ్వేవాడు, కళ్ళు తుడుచుకుంటూ.

చూడ్డానికొచ్చిన ఆడపడుచు మాత్రం నవ్వలేదు. పక్కగదిలోకి వెళ్ళి తమ్ముడితో, "ఇన్నాళ్ళూ నోట్లో నాలుక లేనట్టుండేది. ఇప్పుడు అసలు రంగు బయటపడింది. లోపల లేనిది ఎక్కణ్ణించి వస్తుందిరా?" అంది.

తలుపు తెరిచే ఉంది. టీచరమ్మకి పోయింది మాట్లాడడమే గాని వినడం కాదు. ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. జవాబు తన నోటితోనే చెప్పాలని ఆ రోజే పంతం పట్టింది. "అక్కతో నేను చెప్తాలే" అని మొగుడంటే చెయ్యి అడ్డం పెట్టింది.

మాటలు నేర్పే డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. "ఆలోచించి పేర్చుకునే మాటలకి మెదడులో ఎడమవైపే ముఖ్యం. తిట్లూ, పాటలూ, వల్లెవేసినవీ వేరే దారిన కూడా వస్తాయి. ఏదైనా పాడండమ్మా."

టీచరమ్మకి పాటలెక్కడివి? ఎక్కాలున్నాయి. రెండో ఎక్కం ఎత్తుకుంటే ఇరవై దాకా గడగడా వచ్చేసింది! ఇక ఆ వరస మీదే మాటలు ఎక్కించడం మొదలెట్టింది. రోజుకి నాలుగు గంటలు, బల్ల మీద వేలితో తాళం వేస్తూ. "నాకు నీళ్ళు కావాలి" అనబోయి, "నాకు నీళ్ళు నాలుగు" అని, ఆపుకోలేక "నాకు నీళ్ళు ఆరు, నాకు నీళ్ళు ఎనిమిది" అంటూ పోయేది. మొగుడు గ్లాసు పట్టుకుని నిలబడేవాడు. ఆవిడ మళ్ళీ మొదటికొచ్చేది.

నాలుగో నెలలో ఆడపడుచు వచ్చింది. టీచరమ్మ ఆవిణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని బల్ల తట్టడం మొదలెట్టింది.

"తిట్లు... లోపలే... ఉన్నాయి... వదినా." నుదుట చెమట పట్టింది. మొగుడు మాట అందించబోతే ఒక్క చూపు చూసింది. "అందరి... లోపలా... ఉంటాయి. ఇన్నేళ్ళూ... వాటిని... ఆపిన మనిషే... నేను."