గుమ్మాల ముందు పరిచిన దేవర

మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్ బొగ్గు గనిలో పనికి మంచిర్యాల నుంచి వచ్చిన కార్మికుడి కూతురు సుభాషిణి. నలభై దాటిన మనిషి. చంద్రపూర్‌లో రెండు అద్దె గదుల్లో గుడ్డ సంచుల మీద బొమ్మలు అచ్చువేసి అమ్మేది. ఎవరైనా చులకనగా ఒక మాటంటే పదేళ్లయినా మరిచేది కాదు.

ఆ బొమ్మలు గీసేది గోండ్‌పిప్రి దగ్గరి గోండు మనిషి రుక్మిణి. పత్తి చేలల్లో తెలుగు కూలీల పక్కన పనిచేసి తెలుగు నేర్చింది. ప్రతి సంచి మీద తన పేరుండాలని, ఏ బొమ్మ అమ్మాలో తానే చెప్పాలని ముందే మాట తీసుకుంది. నెమళ్లు, ఇప్పచెట్లు సరే. నోటుపుస్తకం చివర గీసుకున్న తమ దేవర బొమ్మ మాత్రం అమ్మకానికి కాదు.

కొత్త నెమలిని చూపిద్దామని సుభాషిణి ఒకరోజు, అచ్చు కోసం తన దగ్గరున్న ఆ పుస్తకాన్ని బజారుకు పట్టుకెళ్లింది. సంచులు కొనే రామనాథం సేటు పేజీలు తిప్పుతూ, ఆమె చూడకుండా దేవరను ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. రెండు నెలలకు పులుల అడవి పక్క రిసార్టులో ప్రతి గది ముందూ ఆ బొమ్మతో సేటు అమ్మిన డోర్‌మ్యాట్లు పడ్డాయి. అక్కడ వంటపనికి పోయే రుక్మిణి మేనకోడలు చూసి ఏడుస్తూ ఇంటికొచ్చింది.

సుభాషిణి దుకాణానికి వెళ్లి నిలదీసింది. సేటు నవ్వాడు.

"బొమ్మనే గదమ్మా. దేవుడేమన్న వచ్చి అడిగిండా?"

 ఆ నవ్వుకు బదులుగా, ఊళ్లో జరగబోయే ఎగ్జిబిషన్‌లో, అధికారుల ముందు, ఆ మ్యాట్లన్నీ అతని స్టాలు ఎదుట కుప్పపోసి పరువు తీయాలనుకుంది. ఆ సంగతి చెబుదామని ఉత్సాహంగా రుక్మిణి ఇంటికి పోయింది. రుక్మిణి కూర్చోమనకుండానే అంతా విన్నది.

"ఆయన దేవరను కాళ్ల కింద ఏసిండు. నువ్వు పదిమందిల ఏస్తవా? నన్ను అడిగినవా అక్కా?"

సుభాషిణి అడగలేదు. పుస్తకం పట్టుకుపోయిన రోజు కూడా అడగలేదు. ఎగ్జిబిషన్ మాట వదిలేసి అంది:

"ఏం చెయ్యాల్నో నువ్వే చెప్పు. వాణ్ని ఇడిచిపెట్టకు, గంతే."

"ఇడువను," అంది రుక్మిణి.

ఆ గురువారం పొద్దున, బేరాల వేళకు, గోండు పెద్దలూ నలభై మంది ఆడవాళ్లూ వచ్చి సేటు దుకాణం మెట్ల మీద కూర్చున్నారు. నినాదం లేదు, తిట్టు లేదు. వాళ్లను దాటి లోపలికి పోవడానికి ఏ గిరాకీకీ కాలు రాలేదు. మధ్యాహ్నానికి సేటు చేతులు జోడించి నోట్ల కట్ట తీశాడు. రుక్మిణి దాని వంక చూడలేదు.

"పైసలొద్దు. దేవరను నీ చేతుల్తోని నువ్వే ఎత్తాలె."

మర్నాడు సేటు చెప్పులిడిచి రిసార్టులో గుమ్మం గుమ్మానికీ వంగాడు. నౌకర్లను పెద్దలు ముట్టనివ్వలేదు. సుభాషిణి వెనకాలే నడిచింది. అతను నడుం పట్టుకుని ఒక మూల గదిని వదిలేయబోతే, "గదొకటి ఉన్నది సేటూ," అని వేలు చూపింది. అతని మెడ మీది చెమట చూస్తుంటే ఆమెకు ఆకలి తీరినట్టయింది. ఆ మ్యాట్లను పెద్దలు అడవిలోకి తీసుకెళ్లారు. అక్కడ ఏం చేశారో సుభాషిణి అడగలేదు.

రిసార్టు వాళ్లు సేటుతో బేరం మానుకున్నారు. రుక్మిణి మళ్లీ పనికి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడు బొమ్మ తానే తెచ్చి, అచ్చు అయ్యేదాకా పక్కనే కూర్చుని, కాగితం వెంట తీసుకుపోతుంది.

సేటు బజారులో ఎదురైతే, "మంచిగున్నవా అమ్మా," అని పలకరిస్తాడు. సుభాషిణి విని, బదులివ్వకుండా ముందుకు పోతుంది.