కుట్లు లేని గాయం

అప్పటికి నా భార్య పోయి మూడు నెలలు. విజయనగరం నుంచి బొబ్బిలి వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నాయన గొంతు బాగా బొంగురుగా ఉంది. రైసుమిల్లులో బస్తాలు మోస్తాడట. మెడకు చుట్టుకున్న తువ్వాలు మిషను బెల్టులో పడి లాగేసిందని, లోపల గాలిగొట్టం చిరిగిందని చెప్పాడు.

"మెడ కొయ్యలేదు బాబూ. నోట్లోంచి సన్న గొట్టం దింపి లోపలే బాగు సేసినారు. రెండు నెలలు బరువెత్తొద్దన్నారు. మా సావుకారు నమ్మడు. కుట్లు లేకుండా ఆపరేషనేటిరా, సోమవారం నుంచి బస్తాలెత్తు, లేపోతే పని మానెయ్ అంతన్నాడు."

ఆసుపత్రి కాగితం ఇంగ్లీషులో ఉంది. దాని వెనక తెలుగులో రాసిపెట్టమన్నాడు. బస్సు కుదుపుల్లోనే రాశాను: "ఈయన గాయం లోపల ఉంది. పైకి కనపడదు. ఇంకా మానలేదు. మానేదాకా బరువు మోయించకండి."

చదివి వినిపించమన్నాడు. చదువుతూ మధ్యలో ఆగిపోయాను. ఆయన నా మెడకేసి చూశాడు.

"మీకూ ఇదే ఆపరేషనయ్యిందేటి బాబూ?"

"లేదండీ."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నా ఒళ్లో ఉన్న సంచి తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు.

"బరువెత్తొద్దన్నారు కదండీ" అన్నాను.

"ఇదేటి బరువు? కాసేపు కళ్లు మూసుకోండి."

సావుకారు ఆ కాగితం నమ్మాడో లేదో నాకు తెలియదు. బొబ్బిలిలో ఆయన తట్టి లేపేదాకా నేను నిద్రపోయాను.