వాన పడని లెక్క

2018 జూన్. మా దీవిలోని అబర్డీన్ బజార్‌లో, బస్టాండు దగ్గర మేడ మీద నా ట్యాక్స్ ఆఫీసు. అవతలి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీలో గౌరి వచ్చింది, వెంట అన్న అప్పన్న. చేపల వేట మీద బతికే కుటుంబం. ఆమె మాత్రం డైవింగ్‌కి వచ్చే టూరిస్టులకు నీళ్లలో ఫొటోలు తీసే ఫ్రీలాన్సర్. నెల జీతం లేదు.

అప్పన్న కూర్చోకుండానే మొదలెట్టాడు. "భయ్యా, దీని సంపాదనంతా నా పేరున సూపించీండి. నాకెలాగూ ట్యాక్స్ పడదు. ఆడకూతురికి ఇయన్నీ ఏటండి?"

"నీళ్లలోకి దిగింది నాను. పేరు నీదేటి? బిల్కుల్ కుదర్దు!" అంది గౌరి.

ఆ పిల్ల నాకు అక్కడే నచ్చింది. ఒకరి సంపాదన ఇంకొకరి పేరున రాయనని నేనూ తెగేసి చెప్పాను.

ఆమె వచ్చింది అడ్వాన్స్ ట్యాక్స్ కోసం. అంటే రాబోయే ఆదాయాన్ని ముందే అంచనా వేసి జూన్, సెప్టెంబర్, డిసెంబర్, మార్చిల్లో వాయిదాలుగా కట్టే పన్ను. తక్కువ కడితే వడ్డీ పడుతుంది. నేను ధీమాగా ఆమె ఏప్రిల్, మే సంపాదన కూడి ఆరుతో గుణించాను. కాంట్రాక్టర్లకు అలాగే చేసేవాణ్ణి. మొదటి వాయిదా చూసి గౌరి ముఖం పాలిపోయింది. అది కడితే పని లేని నెలల తిండికి దాచుకున్నది ఖాళీ.

"సూసావా? నా మాటినుంటే ఈ గోలే లేదు," అన్నాడు అప్పన్న.

గౌరి సంచిలోంచి డైవ్ లాగ్‌బుక్ తీసి నా ముందు పెట్టింది. ఏ రోజు నీళ్లలోకి దిగిందో మూడేళ్లుగా రాసుకున్న పుస్తకం.

"సార్, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా సముద్రం మమ్మల్ని దిగనిస్తాదేటి? మీ లెక్కలో వానే పడ్లేదు."

ఇరవై ఏళ్లుగా ఈ దీవిలో ఉంటున్నాను. ఆ ఉదయం తడిసిన గొడుగు ఇంకా తలుపు దగ్గరే ఉంది. సిగ్గేసింది.

లాగ్‌బుక్ పట్టుకుని రోజులు లెక్కపెట్టాం. అంచనా సగానికి దిగింది. ఆమె ఒక్క వాయిదా తప్పలేదు. మార్చిలో చూస్తే అంచనా కాస్త తక్కువైంది, ఆ చివరి వాయిదాలోనే సరిచేశాం. ఆ చలానా, అంటే కట్టిన రసీదు, చేతికి రాగానే వెంట వచ్చిన అన్నకి అందించింది.

"పేరు సదువన్నయ్యా. గట్టిగా."

చదివాడు.

అప్పటినుంచి ఎవరొచ్చినా క్యాలిక్యులేటర్ ముట్టుకోకముందే అడుగుతాను, మీకు పని లేని నెలలేవి అని. ఎవరి పేరున రాయాలో మాత్రం అడగను. ఒళ్లు వంచినవాళ్ల పేరే రాస్తాను.