మా ఇంటి ఎండ సినిమా

యుద్ధం జరుగుతున్న రోజులు. మద్రాసు మీద బాంబులు పడతాయన్న భయంతో అక్కడి జనం పెట్టే బేడా సర్దుకుని రైళ్ళెక్కి మా వైపు వచ్చేసిన వేసవి అది. మా పెద్దమ్మ కూడా తన కూతుర్ని తెచ్చి చిత్తూరులో మా ఇంట్లో దించి, పెదనాయన ఒంటరిగా ఉన్నాడని మళ్ళీ మద్రాసు వెళ్ళిపోయింది.

ఆ అక్కకు మా ఊళ్ళో ఏదీ ఆనలేదు. మా వీధికి కరెంటు లేదు. సముద్రం లేదు. అన్నిటికంటే ముఖ్యంగా సినిమా లేదు. ఏటా వేసవిలో నీవానది ఇసుక పక్కన వెలిసే డేరా సినిమా కూడా ఆ ఏడు రాలేదు. అక్క మధ్యాహ్నం పూట నన్నూ తమ్ముణ్ణీ కూర్చోబెట్టుకుని తాను చూసిన సినిమాల కథలు చెప్పేది. రాజు కత్తి దూసినప్పుడు తనూ చెయ్యి దూసేది. అంతా చెప్పి చివర్లో, "సూస్తే గానీ తెలీదులే మీకు" అనేసేది. ఆ మాట దగ్గర మాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు భోజనాలయ్యాక మా అమ్మ మమ్మల్ని లోపలి గదిలో పడుకోబెట్టి, ఎండ రాకుండా కిటికీ తలుపులు మూసింది. మాకెవరికీ నిద్ర రావడం లేదు. కాసేపటికి తమ్ముడు ఉన్నట్టుండి లేచి కూర్చుని కేక పెట్టాడు.

"అక్కా! గోడ మీద అవ్వ నడస్తా ఉండాది! తలకిందులుగా!"

కల వచ్చిందేమో అనుకున్నాను. తల తిప్పి చూస్తే నిజమే. సున్నం గోడ మీద మసకమసకగా మా పెరడు కనిపిస్తోంది. ఆకాశం కింద, నేల పైన. ఆ నేలకు వేలాడుతూ మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, చేతిలో కర్రతో వడియాల దగ్గర కాకుల్ని తోలుతోంది. ఎర్రచీర ఎర్రగానే ఉంది. మేము ముగ్గురం ఒకరినొకరు పట్టుకుని గట్టిగా అరిచాం.

మా నాయనకు బజారులో పటాలు కట్టే అంగడి ఉండేది. దేవుడి పటాలకూ పెళ్ళి ఫోటోలకూ అద్దం కోసి, చట్రం బిగించి ఇచ్చేవాడు. యుద్ధం వల్ల అద్దం సరుకు సరిగా రాక, ఆ ఎండాకాలమంతా మధ్యాహ్నానికే అంగడి మూసి ఇంటికి వచ్చేస్తున్నాడు. వసారాలో కునుకు తీస్తున్నవాడు మా అరుపులకు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందిరా? తేలు గానీ కుట్టిందా?"

తమ్ముడు గోడ చూపించాడు. నాయన నోరు తెరిచి నిలబడిపోయాడు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి వేళ్ళతో తడిమాడు. పాతబడిన కొయ్యలో ఒక కణుపు ఊడిపోయి, చిన్న బొక్క ఉంది. దానికి వేలు అడ్డం పెట్టగానే గోడ మీద అవ్వ మాయమైంది. వేలు తీశాడు. వచ్చింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీశాడు. మా ముగ్గురిలో ఎవరికీ లేనంత సంబరం ఆయన ముఖంలో.

"ఉండండి, ఉండండి. ఎవురూ కదలొద్దు" అని ఎండలో చెప్పుల్లేకుండానే బజారుకు పరుగెత్తాడు. పాత ఫోటోల మచ్చలు చూడటానికి అంగడిలో వాడే పెద్ద భూతద్దంతో తిరిగొచ్చాడు. ఉలితో బొక్కను పెద్దది చేశాడు. కిటికీ పాడవుతోందని అమ్మ వంటింట్లోంచి మొత్తుకుంటున్నా వినలేదు. భూతద్దాన్ని ఆ బొక్కకు ఆనించి ముందుకూ వెనక్కూ జరిపాడు. ఒక అట్టను దాని ఎదురుగా నన్ను పట్టుకోమన్నాడు. ఒక్కసారిగా అట్ట మీద పెరడంతా పటం కట్టినట్టు తేటగా నిలిచింది. మునగచెట్టు ఆకులు ఊగుతున్నాయి. అవ్వ చీర అంచు కూడా కనిపిస్తోంది.

అవ్వను పిలిచి చెబితే ఆమె నమ్మలేదు. "నేను యాడ తలకిందులుగా ఉండాను? మీకే ఎండదెబ్బ తగిలుంటాది" అంది. ఆమెను లోపల కూర్చోబెట్టి అమ్మ పెరట్లోకి వెళ్ళి నిలబడింది. అట్ట మీద కోడల్ని చూసి అవ్వ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఓయమ్మా, ఇదేం వింతరా నాయనా!"

అక్క మాత్రం పెదవి విరిచింది. "బాగుండాది చిన్నాయనా. అయితే సినిమా అంటే ఇది కాదు. సినిమాకు కథ ఉండాల."

నాయన ఆమె వైపు చూశాడు. "కథే గదా కావల్సింది. చేస్తాం పో. అద్దం మీద బొమ్మలు గీస్తాం, గోడంత చేసి చూపిస్తాం."

"దీపం యాడుండాది? కిరసనాయిలే దొరకదు గదా?" అంది అమ్మ.

నాయన పెరట్లో కణకణలాడే ఎండ కేసి చెయ్యి చూపాడు. "అంత పెద్ద దీపం ఆడుండంగా నీకింక కిరసనాయిలు దేనికమ్మే?"

మర్నాటి నుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. నాయన అంగడిలో మిగిలిన అద్దం తునకలన్నీ గోనెసంచిలో తెచ్చాడు. వాటిని భూతద్దం వెడల్పుకు పొడుగు పట్టీలుగా కోసి ఇస్తే, నేనూ తమ్ముడూ వాటి అంచులు చెయ్యి కోయకుండా సానరాయి మీద నీళ్ళు పోసి అరగదీశాం. నాయన చట్రాల కొయ్యతో పట్టీ జారేందుకు ఒక గాడి చేసి, కిటికీ బొక్కకు బిగించాడు. దాని ముందు భూతద్దం పెట్టేందుకు అట్టతో గొట్టం చుట్టాడు. ప్రతి మేకుకూ మమ్మల్ని పిలిచేవాడు. "నువ్వు కొట్టు. వేలు కాదురా, మేకు!"

కథ అందరం కలిసి కట్టాం. తిరుమల కొండ మీది కోతి ఒకటి యాత్రికుడి తలపాగా ఎత్తుకుని పారిపోతూ మెట్ల మీద జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంటుంది. ఇది తమ్ముడు చెప్పాడు. ఇప్పుడు దాన్నేం చెయ్యాలన్నది సమస్య అయింది.

"ఏం చెయ్యాలేంది? పుత్తూరుకు పోవాల" అంది అవ్వ. వెనకెప్పుడో ఆమె మణికట్టు విరిగితే పుత్తూరులోనే కట్టు కట్టించుకుంది. "రేణిగుంటలో రైలెక్కితే పుత్తూరులో దించుతాడు. ఆడ ఆకు పసరు పూసి, కోడిగుడ్డు సొన వేసి, వెదురు దబ్బలు పెట్టి కడతారు. కోతికైనా అంతే."

కోతి రైలెక్కిందంటే టికెట్టు అడిగేవాడు ఉండాలి గదా అని అక్క అడిగింది. అప్పటిదాకా దూరంగా గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి, ఆ మాట అనేసరికి మా మధ్యలోకి వచ్చేసింది. టికెట్టు బాబును చూసి కోతి తలపాగా చుట్టుకుని పెద్దమనిషిలా కూర్చోవడం ఆమె కల్పనే.

బొమ్మలు వేసే పని అమ్మ తీసుకుంది. కాటుకతో గీతలు గీసింది. కుంకుమ, పసుపు కలిపి రంగులు నింపింది. ఆరాక చూస్తే అద్దం మీద కోతి ఎంత బాగుందో! అందరం గదిలోకి పరుగెత్తాం. నాయన పెరట్లో నిలువుటద్దం పట్టుకుని ఎండను కిటికీలోకి కొట్టాడు. గోడ మీద వెలుగు పడింది. ఆ వెలుగులో నల్లటి మరక ఒకటి. ఎరుపు లేదు, పసుపు లేదు.

"ఏమి కనిపిస్తా ఉండాది?" అని బయటి నుంచి నాయన అరిచాడు.

"బొగ్గు!" అన్నాడు తమ్ముడు.

నాకు ఏడుపొచ్చింది. అమ్మ అద్దాన్ని చేతిలోకి తీసుకుని వెలుగుకు ఎత్తి చూసింది. "పొడి అడ్డం పడతా ఉండాది. ఎండ దూరే రంగు కావాల" అని తనలో తాను అనుకుంది. ఆ సాయంత్రం మమ్మల్నందరినీ తలా ఒక దిక్కు తోలింది. నేను దొడ్డి వెనక తీగ నుంచి బచ్చలిపండ్లు కోసుకొచ్చాను. తమ్ముడు తుమ్మచెట్ల దగ్గర బంక ఏరుకొచ్చాడు. అక్క ఎర్రసిరా, చాకలి నీలిమందు సంపాదించింది. అవ్వ పసుపు కొమ్ములు నలగ్గొట్టి నానబెట్టి, గుడ్డలో వడకట్టింది. బంకనీళ్ళలో ఒక్కో రంగూ కలిపి అమ్మ అద్దం మీద పలచగా పూసింది. పసుపు మీద నీలి పూస్తే ఆకుపచ్చ వచ్చిందని చూసి, అమ్మే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

మర్నాడు పొద్దున ఎండెక్కగానే మళ్ళీ చూశాం. ఈసారి గోడ మీద కొండ పచ్చగా నిలబడింది. మెట్ల మీద బచ్చలిపండు రంగు తలపాగాతో కోతి. తలకిందులుగా! మేము అరుస్తుంటే అమ్మ నవ్వి పట్టీని తిప్పి పెట్టింది. కోతి నిటారుగా లేచింది. అది మా అంత ఎత్తుంది.

ఆట చూడటానికి ఆదివారం వీధి పిల్లలందరినీ రమ్మన్నాం. పిల్లలతో పాటు పెద్దవాళ్ళూ వచ్చారు. కిటికీకి గోనెసంచులు కట్టి, తలుపు సందులో దుప్పటి కుక్కాం. గదిలో ఉక్క, చెమట, గుసగుసలు. అమ్మ పట్టీలు జరుపుతుంది. నేను కథ చెబుతాను. తమ్ముడు రైలు కూత, కోతి కూత రెండూ కూస్తాడు. నాయన బయట అద్దం పడతాడు.

వెలుగు పడగానే గది మొత్తం "ఓ" అంది. కోతి తలపాగా లాక్కున్నప్పుడు పిల్లలు ఎగిరారు. జారిపడినప్పుడు ఎవరో "అయ్యో పాపం" అన్నారు. అంతలో బొమ్మ మెల్లగా పక్కకు జారి, సగం చీకట్లో కలిసిపోయింది.

"నాయనా! కోతి పోతా ఉండాది!" అని అరిచాను.

పోతున్నది కోతి కాదు, సూర్యుడు. మేము ఆ సంగతి తలచలేదు. సూర్యుడు జరిగేకొద్దీ అద్దాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ ఉండాలి. నాయన తల మీద తడిగుడ్డ వేసుకుని, మండే నేల మీద గొంతుక్కూర్చుని, ఆట అయ్యేదాకా అద్దం తిప్పుతూనే ఉన్నాడు. మధ్యమధ్యలో బయటి నుంచి ఆయన గొంతు వినిపించేది.

"ఇప్పుడేమైంది? రైలు వచ్చిందా? ఎందుకు నవ్వుతా ఉండారు? ఎవురన్నా చెప్పండప్పా!"

టికెట్టు బాబు కోతికి దండం పెట్టే బొమ్మ దగ్గర జనం పడీపడీ నవ్వారు. పుత్తూరులో కట్టు కట్టేటప్పుడు అవ్వ ఉండబట్టలేక లేచి నిలబడి, తన మణికట్టు చూపిస్తూ మిగతా కథ తనే చెప్పేసింది. నాకు కోపం వచ్చింది గానీ, జనానికి ఆమె చెప్పిందే ఎక్కువ నచ్చింది.

ఆట అయిపోయింది. అందరూ మళ్ళీ వెయ్యమని గోల చేస్తున్నారు. అక్క గబుక్కున లేచి తలుపు తీసి బయటికి వెళ్ళింది.

"చిన్నాయనా, అద్దం ఇట్లియ్యి. నువ్వు లోపలికి పో."

"నీకు ఎండ పడదు పాపా. మద్రాసు పిల్లవు."

"మద్రాసులో మాత్రం ఎండ లేదా? సుమ్మా, ఊరికే చెప్తావు. పో చిన్నాయనా, చిన్నమ్మ బొమ్మలు నువ్వింకా గోడ మీద సూడలేదు గదా!"

నాయన లోపలికి వచ్చాడు. చొక్కా తడిసి వీపుకు అతుక్కుంది. అంతసేపు ఎండలో ఉన్న కళ్ళకు చీకట్లో ఏమీ కనిపించక, చేతులు చాచి తడుముకుంటూ, "ఆగండి, ఆగండి, మొదలుపెట్టొద్దు. నాకేం కనిపించడం లేదు" అన్నాడు. వీధి పిల్లలు ఆయన్ని చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకుపోయి కూర్చోబెట్టారు. అందరం ఆయన కళ్ళు కుదుటపడే దాకా ఊరుకున్నాం.

"ఊ, ఇప్పుడు" అన్నాడు.

అమ్మ మొదటి పట్టీ జరిపింది. బయట అక్క చేతిలో అద్దం వణికిందేమో, కొండ ఒకసారి కదిలి నిలిచింది. రైలు వచ్చేసరికి నాయన ఉండలేకపోయాడు. లేచి గోడ దగ్గరికి వెళ్ళి, ఆ నీలం రంగు పెట్టెను చేత్తో తాకబోయాడు. రైలు ఆయన వీపు మీదికి ఎక్కింది. కోతి ఆయన భుజం మీద కూర్చుంది. గదిలో నవ్వులు చూడాలి! ఆయన తన చొక్కా కేసి చూసుకుని, తమ్ముడికంటే గట్టిగా రైలు కూత పెట్టాడు.

"కూసోండి, జనం సూడొద్దా?" అని అమ్మ కసిరింది. కసిరే గొంతులో ఆమె నవ్వు నాకు తెలుస్తూనే ఉంది.

ఆ వేసవంతా మబ్బు లేని ప్రతి రోజూ ఆట వేశాం. అక్క అద్దం తిప్పడంలో ఎంత నేర్పరి అయిందంటే, పెద్దమ్మ వచ్చి మద్రాసుకు రమ్మన్నప్పుడు, "ఇంకొక్క ఆదివారం ఉంటానమ్మా" అని మారాం చేసింది. తొలకరి వచ్చాక పట్టీలను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాం. కొన్నాళ్ళకు తీసి చూస్తే చీమలు బంక తినేశాయి. కోతి తోక, రైలు చక్రాలు, పుత్తూరు మొత్తం పోయాయి. తమ్ముడు చీమల మీదికి చీపురు ఎత్తాడు.

అమ్మ ఆ అద్దాలను కడిగి, తుడిచి, ఎండకు ఆరబెట్టింది. "ఈసారి బంకలో వేపాకు రసం కలుపుదాం. ఏనుగును తెద్దామా, పులిని తెద్దామా?" అంది. మేమిద్దరం ఒకేసారి అరిచాం. తమ్ముడు పులి అన్నాడు, నేను ఏనుగు అన్నాను. నాయన అప్పటికే గాడిని కొంచెం వెడల్పు చేయడానికి ఉలి వెతుకుతున్నాడు.